కీటక సంగ్రహము: యావజ్జీవ వినోదము

తొలకరి వానలు కురిసి తుమ్మచెట్లు చిగిర్చినంతనే బాలుర జేబులలో అగ్గిపెట్టెలు ప్రత్యక్షమగుట మన మెదకు ప్రాంతమున తరతరముల వాడుక. ఆ పెట్టెలలో అగ్గిపుల్లలుండవు. పచ్చగా మిలమిలలాడు జీరంగి యుండును. తుమ్మాకు రెండు రెబ్బలు వేసి, ఉదయసాయంకాలములు మూత తీసి చూచుకొనుచు, అది గ్రుడ్డు పెట్టిన దినమున తోటివారినందరిని పిలిచి చూపుచు బాలుడు కొన్నాళ్లు మహానందము ననుభవించును. పిమ్మట జీరంగి చచ్చును, అగ్గిపెట్టె కాలువపాలగును, వినోదము ముగియును. ఆ వినోదమును కాలువపాలు కానీయక యావజ్జీవమైన విద్యగా మలచుకొనుట ఎట్లో తెలుపుటకే ఈ వ్యాసము.

జీరంగి పెంకుపురుగులలో నొకటి. ముందరి రెక్కలు గట్టిపడి, పలుచని వెనుక రెక్కలకు డిప్పవలె మూతగా ఏర్పడిన కీటకములను పెంకుపురుగు లందురు. శాస్త్రజ్ఞులు ఇంతవరకు పేర్లు పెట్టిన పెంకుపురుగుల జాతులే 3,50,000 కు పైబడియున్నవి. జీరంగి పెంకులోని పచ్చదనము రంగుద్రవ్యము వలన కలిగినది కాదు. అత్యంత సూక్ష్మమైన పొరలు ఒకదానిపై నొకటి అమరి వెలుగును ప్రతిఫలింపజేయుటవలన ఆ వన్నె పుట్టుచున్నది. కావుననే పురుగు చచ్చినను వన్నె మాయదు. 19వ శతాబ్దమున ఈ పెంకులను పలుచని వస్త్రములపై జరీతో కలిపి కుట్టెడివారు. 1903 లో ఢిల్లీ దర్బారు సందర్భమున కర్జను ప్రభువు భార్య ధరించిన నెమలిపింఛపు గౌను మీద మెరసినవి ఇట్టి పెంకులే. రెక్కలు వచ్చిన జీరంగి కొన్ని వారములు మాత్రమే బ్రతుకును. అంతకు పూర్వము అది నేలలో పురుగురూపమున నుండి వేళ్లను తినుచు కాలము గడపును. అగ్గిపెట్టెలో మనము చూచునది దాని జీవితములోని కడపటి ఘట్టము మాత్రమే.

నా బాల్యమున నేనును ఒక పెట్టెను నింపితిని. కోటగుట్ట మీదను, చెరువుగట్టునను, తోటలలోను పట్టిన సీతాకోకచిలుకలు, పెంకుపురుగులు కలిపి 40 దాకా గుండుసూదులతో అట్టకు గ్రుచ్చితిని. జ్ఞాపకముండునులే యని ఒక్కదానికైనను చీటి వ్రాయలేదు. వానకాలమున పెట్టెకు బూజు పట్టెను; చీమలు చేరెను. మిగిలిన వానిని మా ఉపాధ్యాయునికి చూపగా, ఆయన ఒక్కొక్కదానినే వ్రేలితో చూపుచు, “ఇది ఎక్కడ దొరకినది? ఎప్పుడు దొరకినది?” అని అడిగిరి. నేను ఒక్కదానికిని జవాబు చెప్పలేకపోతిని. “అయితే నాయనా, ఇది అందమైన చెత్త” అని ఆయన మెల్లగా పెట్టె మూసిరి. ఆనాడు కోపము వచ్చెను గాని, ఆయన మాటలోని సత్యము తరువాత తెలిసినది.

ఈ విద్యలో మన తెలుగుతీరముతో సంబంధముగల ఒక పూర్వికుని కథ వినదగినది. యోహాను గెరార్డు కోనిగు 1728 లో నేటి లాట్వియా దేశమున జన్మించెను. మొక్కలకును జంతువులకును రెండు పదముల శాస్త్రనామములు పెట్టు పద్ధతిని స్థిరపరచిన లిన్నేయసు పండితునకు ఆయన శిష్యుడు. డేనిషు మిషను వైద్యుడుగా 1768 లో తమిళతీరమందలి తరంగంబాడి చేరి, రోగులకు మందులిచ్చుచునే మొక్కలను, కీటకములను సేకరించెను. చెదపురుగులను స్వయముగా పరిశీలించి వాని జీవితమును గూర్చి 1779 లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆయన పంపిన కీటకములను చూచి ఫాబ్రీషియసు అను మరియొక లిన్నేయసు శిష్యుడు అనేక జాతులకు పేర్లు పెట్టెను. తుదకు 1785 జూన్ నెలలో కాకినాడయందలి జగన్నాథపురమున కోనిగు కన్నుమూసెను. ఆనాడు సామర్లకోటలో నుండిన రాక్సుబర్గు అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆయనకు చికిత్స చేసెను. దూరదేశమునుండి వచ్చిన ఆ వైద్యునకు మన పురుగులు విదేశపు వింతలు. మనకో, అవి పెరటిలోని పురుగులు! వింత యనునది పురుగునందు లేదు, చూచువాని కంటియందున్నదని ఇందువలన గ్రహింపవచ్చును.

అయితే ఆ కాలపు గ్రంథములలో ఒక పెద్ద లోపము గలదు. అనేక కీటకముల నివాసస్థలము ‘ఇండియా’ అనియో, ‘ఆసియా’ అనియో మాత్రమే వ్రాయబడియుండును. ఇంత పెద్ద దేశమున ఏ ఊరు? ఏ నెల? ఏ చెట్టు? ఈ ప్రశ్నలకు చచ్చిన పురుగు జవాబు చెప్పజాలదు. చీటి మాత్రమే చెప్పును. స్థలము, తేదీ, సేకరించినవాని పేరు, పురుగు వ్రాలియున్న మొక్క: ఈ నాలుగు మాటలుగల చిన్న చీటి ఉన్నయెడల రెక్క విరిగిన పురుగైనను శాస్త్రమునకు పనికివచ్చును. ఆ చీటి లేనియెడల సర్వాంగసుందరమైనదియు బొమ్మయే. పూర్వము ఒక చోట ఏ పురుగులుండెడివో, నేడు అక్కడ ఏవి లేకుండ పోయినవో తెలిసికొనుటకు వస్తుప్రదర్శనశాలలలోని పాత చీటీలే నేటి పండితులకు సాక్ష్యములు.

చూచు కన్ను కలవానికి పెరటిలోనే ఎంతటి విశేషము దొరకునో ఒక ఉదాహరణము చెప్పెదను. కరివేపాకు, నిమ్మచెట్లు ఉన్న ఇండ్లయందు ఒక పెద్ద నల్లని సీతాకోకచిలుక తిరుగుచుండును. మగదాని వెనుక రెక్కలపై తెల్లని మచ్చల వరుస యొకటి అడ్డముగా నుండును. దీని ఆడవి మాత్రము మూడు వేషములలో కనబడును. మొదటిది మగదానివలెనే యుండును. రెండవ దాని వెనుక రెక్కలపై తెల్లని పట్టెలును, అంచున ఎర్రని మచ్చలును గలవు. మూడవ దాని ముందు రెక్కలపై తెల్లని చారలును, వెనుక రెక్కలపై ముదురెరుపు చుక్కలును గలవు. 1758 లో లిన్నేయసు పండితుడే మోసపోయి, ఒకే జాతిలోని మగదానికి ఒక పేరును, ఆడదానికి వేరొక పేరును పెట్టెను. మలయద్వీపములలో 8 సంవత్సరములు సంచరించిన వాలేసు, ఇవన్నియు ఒకే తల్లి పిల్లలు కాగలవని 1865 లో వివరించెను.

ఈ వేషములు దేనికి? గాడిదగడపాకు మొదలైన తీగలను తిని పెరుగు వేరొక రెండు జాతుల సీతాకోకచిలుకలు ఆ ఆకులలోని విషమును శరీరమున నిలుపుకొనును. వానిని తిన్న పక్షి మరల ముట్టదు. మన కరివేపాకు సీతాకోకచిలుకలో విషము లేదు. ఆడది ఆ విషపు జాతుల చీర కట్టి ప్రాణము దక్కించుకొనుచున్నది! మోసమును కనిపెట్టుటకు ఒక గురుతు గలదు: విషపుదాని దేహము ఎరుపు, వేషధారి దేహము నలుపు. ఏ వేషము కట్టవలెనో నిర్ణయించు జన్యువు ఏదో 2014 లో బెంగుళూరు, చికాగో నగరముల పండితులు కలిసి కనుగొనిరి. 250 సంవత్సరములకు పైగా పండితులను ఆలోచింపజేసిన ఆ జీవి మనము పులుసులో వేసికొను కరివేపాకు మీదనే పుట్టుచున్నదని మరువకుడు.

కావున విద్యార్థులారా, ఈ విద్యను వలతో గాక సీసాతో మొదలుపెట్టుడు. లేత కరివేపాకులపై గుండ్రని చిన్న గ్రుడ్లను వెదకుడు. వానినుండి వెలువడు గొంగళిపురుగు మొదట పక్షిరెట్టవలె నుండి శత్రువులను వంచించును. పెరిగిన పిమ్మట ఆకుపచ్చనగును. వ్రేలితో తాకిన యెడల తలవెనుకనుండి ఎర్రని జంటకొమ్మును చాచి ఘాటైన వాసన విడుచును. వెడల్పు మూతిగల సీసాకు గుడ్డ కట్టి, దినదినము క్రొత్త ఆకు వేయుడు. సుమారు ఒక నెలలో గ్రుడ్డునుండి రెక్కల వరకు సర్వమును మీ కన్నులయెదుట జరుగును. ప్రతిదినము జరిగినది తేదీతో వ్రాసి, రెక్కలు ఆరిన పిమ్మట దానిని విడిచిపెట్టుడు. రాలిపడియున్న పెంకుపురుగులను ఎండబెట్టి పెట్టెలో నుంచదలచినవారు కర్పూరమును లోపల నుంచి, పెట్టె కాళ్లను నీటి గిన్నెలలో నిలిపిన యెడల చీమలు చేరవు. చీటి మాత్రము మరువరాదు.

విదేశపు సీతాకోకచిలుకలను ధనమిచ్చి కొని గోడకు తగిలించుకొను వాడుకయు లోకమున గలదు. అది అలంకారమే గాని విద్య కాదు. పాపువా దేశమందలి ప్రపంచములోకెల్ల పెద్ద సీతాకోకచిలుకను 1906 లో మొదట సేకరించినవాడు తుపాకితో కొట్టి దింపెను! అంతర్జాతీయ ఒప్పందమువలన నేడు దాని వ్యాపారము నిషిద్ధము. మన దేశమునను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కొన్ని సీతాకోకచిలుకలకును, పెంకుపురుగులకును రక్షణ కల్పించినది. మన సమీపమందలి పోచారము వంటి అభయారణ్యములలో అనుమతి లేక ఏ జీవిని పట్టరాదు. అచ్చట కన్నులతో చూచి, ఛాయాచిత్రము తీసి, స్థలము, తేదీ వ్రాసికొనుటయే చాలును. పూర్వము వల చేయు పనిని నేడు తల్లిదండ్రుల చేతిఫోను చేయగలదు.

ఈ వినోదము ఎంతకాలము నిలుచును? మార్గరెట్టు ఫౌంటెను అను ఆంగ్ల వనిత 1862 లో జన్మించి, అనేక దేశములు తిరిగి, సుమారు 22,000 సీతాకోకచిలుకలను సేకరించెను. వానిలో పెక్కింటిని గ్రుడ్లనుండి తానే పెంచి, గొంగళిపురుగుల చిత్రములను రంగులతో లిఖించెను. 1940 లో ట్రినిడాడు ద్వీపమున మరణించు వరకు ఆమె ఈ పని విడువలేదు. ఆమెకు ముసలితనమునను తోడుగా నిలిచిన ఈ వినోదమునకు మనకు కావలసిన పెట్టుబడి ఒక సీసా, ఒక పుస్తకము, ఒక పెన్సిలు మాత్రమే.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు పురుగును ఇంటికి తెచ్చినప్పుడు “ఛీ, పారవేయుము” అనుటకు ముందు “ఇది ఎక్కడ దొరకినదిరా?” అని ఒక్కమాట అడుగుడు. వాడు జవాబు వ్రాసికొనువరకు ఓపిక పట్టుడు. నా పెట్టె నింపిన దినములలో ఆ ప్రశ్న నన్నెవరైనను అడిగియుండిన యెడల ఆ 40 పురుగులు వృథాగా చచ్చియుండెడివి కావు.