మండువా నుంచి నమూనా పటం దాకా: ఒక ఇంటీరియర్ డిజైన్ విద్యార్థిని ప్రాజెక్టులు, ప్రేరణలు, ఇంటి పదజాలం

వ్యాససంగ్రహం

ఇంటీరియర్ డిజైన్ చదువుతున్న ఒక విద్యార్థిని రూపొందించిన మూడు ప్రాజెక్టులనూ, వాటికి మూలమైన ప్రేరణలనూ ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. సంప్రదాయ గృహం నుంచి రూపాన్ని గ్రహించడానికీ పద్ధతిని గ్రహించడానికీ గల భేదాన్ని చర్చిస్తుంది. ఇంటి భాగాలకున్న తెలుగు పేర్లు రూపకల్పనకు ఆకరాలు కాగల తీరునూ, ఆ పేర్ల వెంట వచ్చే కులస్మృతి విసిరే ప్రశ్ననూ పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఇంటీరియర్ డిజైన్, మండువా లోగిలి, నట్టిల్లు, వృత్తిపదాలు, అరుగు, పెరడు.

1. ప్రవేశిక

రెండేళ్ల కిందట ఒక సహోద్యోగి పంపగా ఇంటీరియర్ డిజైన్ చివరి సంవత్సరం విద్యార్థిని ఒకరు నన్ను కలవడానికి వచ్చారు. తాను గీసిన ఇంటి పటంలో గదుల పేర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. వాటిని తెలుగులో రాయాలన్నది ఆమె కోరిక. ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న భాగాన్ని చూపి ఏమనాలని అడిగితే, "ప్రాంగణం" అన్నాను. "మా నాయనమ్మ అలా అనదు మేడమ్" అన్నారామె. ఆ ఒక్క మాటతో నా పాండిత్యం కొలత తెలిసింది.

ద్విరుక్తటకార సంధికి ఉదాహరణగా "నడు + ఇల్లు = నట్టిల్లు" అని ఎన్నో ఏళ్లుగా తరగతిలో చెబుతున్నాను. ఆ నట్టిల్లు ఇంట్లో ఏ భాగమో, దానికి ముందూ వెనుకా ఏముంటాయో ఏ విద్యార్థీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ వ్యాసానికి పుట్టుక ఆ ఎరుకలోనే ఉంది. విద్యార్థిని కోరిక మేరకు ఆమె పేరునూ, కళాశాల పేరునూ, గ్రామం పేరునూ ప్రస్తావించడం లేదు.

2. తొలి రెండు ప్రాజెక్టులు

ఇంటీరియర్ డిజైన్ అంటే గోడలకు రంగులు, కిటికీలకు తెరలు ఎంచడమేనన్న అభిప్రాయం మన సాహిత్యశాఖల్లో బలంగానే ఉంది. ఆ విద్య మొదట నేర్పేది మనిషి కొలతలను: కూర్చున్న మనిషికి బల్ల ఎంత ఎత్తులో ఉండాలి, వంటగట్టు ముందు ఇద్దరు తప్పుకోవడానికి ఎంత చోటు కావాలి, నిలబడిన మనిషి చేయి ఏ అర దాకా అందుతుంది. ఆ తర్వాత వెలుతురు, గాలి, నడక దారులు. రంగులూ బట్టలూ వచ్చేది చివరనే.

ఆమె రెండో సంవత్సరం ప్రాజెక్టు హైదరాబాదులో రెండు పడక గదుల అపార్టుమెంటు. అందులో విశేషంగా చెప్పవలసినదేమీ లేదని ఆమే అన్నారు.

మూడో సంవత్సరంలో చేసిన కాఫీ హోటల్ ప్రాజెక్టు మాత్రం చర్చించదగినది. "తెలుగుదనం" ఉట్టిపడాలన్నది ఆ ప్రాజెక్టు షరతు. ఆమె ఒక గోడ నిండా ఏటికొప్పాక లక్క బొమ్మలు అమర్చారు. బల్లల మీద వేలాడే దీపాలకు నిమ్మలకుంట తోలుబొమ్మల పనితనంతో చేసిన గొడుగులు పెట్టారు. మూల్యాంకనానికి వచ్చిన నిపుణులు దీపాలను మెచ్చుకున్నారు, బొమ్మల గోడను తిరస్కరించారు. కారణం మాత్రం వివరించలేదట.

ఆ కారణాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. తోలుబొమ్మలాటలో బొమ్మ వెనుక దీపం ఉంటుంది. మేకతోలును పారదర్శకమయ్యేలా శుభ్రం చేసి, రంధ్రాలు పొడిచి, రంగులు వేసేది వెలుతురు దాని గుండా రావడానికే. ఆ తోలును దీపపు గొడుగుగా మార్చినప్పుడు వస్తువు మారినా దాని ధర్మం మారలేదు. ప్రదర్శనలు తగ్గిపోయిన కాలంలో శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట కళాకారులు దీపపు గొడుగుల తయారీని జీవనాధారంగా చేసుకోగలగడానికి ఇదే ఆధారం. ఏటికొప్పాక బొమ్మ సంగతి వేరు. మెత్తని అంకుడు కర్రను తిప్పుతూ, ఆ రాపిడి వేడికి కరిగే రంగు లక్కను పట్టించి నున్నగా చేస్తారు. అది చేతిలో తిరగడానికి పుట్టిన వస్తువు. అందని ఎత్తున గోడకు అతికిస్తే మిగిలేది రంగు మాత్రమే. అదే పనితనాన్ని తలుపు పిడికో, సొరుగు పిడికో వాడి ఉంటే స్పర్శ నిలిచేది. ఈ మాట చెప్పినప్పుడు ఆమె నవ్వి, ఒక ఏడాది ఆలస్యమైందన్నారు.

3. ప్రేరణల విషయం

ఆమె ప్రేరణల పుస్తకంలో ఎక్కువ పుటలు ఇద్దరు వాస్తుశిల్పులవి. ఒకరు ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన లారీ బేకర్ (1917–2007). ఇటుకల మధ్య ఖాళీలు వదిలి కట్టిన జాలీ గోడలతో గాలినీ వెలుతురునూ లోపలికి తెచ్చిన వారాయన. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ప్రాంగణం ఆయన పనికి ప్రసిద్ధ ఉదాహరణ. రెండో వారు శ్రీలంకకు చెందిన జెఫ్రీ బావా (1919–2003). కొలంబోలో ఒకే సందులోని నాలుగు చిన్న ఇళ్లను క్రమంగా కొని, కలిపి, చిన్న చిన్న వాకిళ్లతో తన ఇంటిని తీర్చుకున్నారు. పాత ఇళ్ల తలుపులనూ స్తంభాలనూ తిరిగి వాడారు.

చెన్నై సమీపంలోని దక్షిణచిత్రకు కళాశాల యాత్రగా వెళ్లినప్పుడు అక్కడి ఉత్తరాంధ్ర చుట్టిల్లు ఆమెను ఆకర్షించింది. గుండ్రని గోడ, నేలకు దగ్గరగా దిగిన తాటాకు చూరు తుపాను గాలికి తట్టుకునే ఉపాయాలని అక్కడే గ్రహించారట. తన జిల్లాకు ఎంతో దూరం లేని ఇంటిని తమిళనాడులో చూడవలసి రావడం గురించి ఆమె ఏమీ అనలేదు. నాకు మాత్రం కొంచెం గుచ్చుకుంది.

4. పేర్లు చెప్పే సంగతులు

చివరి సంవత్సరానికి ఆమె ఎంచుకున్నది గోదావరి డెల్టాలోని ఒక పాత పెంకుటిల్లు. వారసులు ఊరికి ఇవ్వదలచిన ఆ మండువా లోగిలిని గ్రంథాలయంగా మలచడం ఆ ప్రాజెక్టు. పటంలో రాయవలసిన పేర్ల కోసం ఇద్దరం కలిసి వెతికాం. తెలుగు వృత్తిపదాల సేకరణలో 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి వెలువరించిన వ్యవసాయ పదకోశం మొదటిది. ఆ వరుసలోనే బూదరాజు రాధాకృష్ణ వాస్తు పదకోశాన్ని సిద్ధం చేశారు. దానిని నేను చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం పేరు మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

వెతికేకొద్దీ తేలిన విషయం ఒకటుంది. ఇంటి పేర్లు పర్యాయపదాలు కావు, ఒక్కొక్కటి ఒక్కో నిర్మాణ నిర్ణయాన్ని చెబుతుంది. మండువాలో నాలుగు వైపుల పెంకుల కప్పు లోపలికి వాలుతుంది. వాననీరు ఇంటి నడుమ పడి తూము గుండా బయటికి పోతుంది. అందుకే మండువా నేల చుట్టూ ఉన్న వసారా కంటే పల్లంగా ఉంటుంది. వర్షం తక్కువైన రాయలసీమలో మిద్దెకు వాలు అక్కరలేదు. దూలాల మీద కర్రలో బండలో పరచి, చవుడు మట్టి కప్పుతారు. వెలుతురు కోసం కప్పులోనే గవాక్షి వదిలి, వాన వస్తే మూస్తారు. తెలంగాణలో నాలుగు వైపుల ఇంటిని భవంతి అంటారు. గది అక్కడ అర్ర, ద్వారం దర్వాజ, గడప కడప. కోస్తాలో అర అనే మాట ధాన్యపు అరలోనో, గోడలోని అరలోనో మిగిలింది. వీధి అరుగు రాయలసీమలో కొన్నిచోట్ల జగిలి, మరికొన్నిచోట్ల తిన్నె.

ఈ సంగతులు ఆమె పటాన్ని నేరుగా మార్చాయి. తొలి చిత్తుప్రతిలో పుస్తకాల బీరువాలు మండువా చుట్టూ ఉన్నాయి. వసారాలో వాన జల్లు పడుతుందని తెలిశాక అవి లోపలి అరల్లోకి వెళ్లాయి. వసారా అంచున, వెలుతురు బాగా ఉండేచోట, చదువుకునే పీటలూ బల్లలూ వచ్చాయి. చిలకకొయ్యలు సంచులు తగిలించుకోవడానికి ఉన్నచోటే ఉండిపోయాయి. దీపపు గూళ్లలో అలంకార వస్తువులు పెట్టే ఆలోచనను మానుకుని, విద్యుద్దీపాలే అమర్చారు. గాజు పలకతో మండువాను మూసేయాలన్న సలహా ఒక అధ్యాపకుడి నుంచి వచ్చింది. వేడిగాలి పైకి పోయే దారి మూసుకుపోతుందని ఆమె ఒప్పుకోలేదు. ఆ నిర్ణయం సరైనదనే నా అభిప్రాయం.

5. పెరటి దారి

ఇంటిని టేపుతో కొలవడానికి వెళ్లిన రోజు ఆమె వెంట నాయనమ్మ కూడా వెళ్లారు. ఆమె పెళ్లయిన కొత్తలో ఆ ఇంట్లోనే ధాన్యం చెరిగే పని, గొడ్ల పని చేశారు. వీధి అరుగు దాకా వచ్చి ఆగి, ఎవరూ చెప్పకుండానే పక్క సందులోంచి పెరటి వైపు నడిచారట. "దా నాయనమ్మా, ఇటు తీసే ఉంది" అని మనుమరాలు పిలిస్తే, "నాకిటే అలవాటే" అన్నారట. అన్నేళ్లు పనిచేసిన ఇంటి మండువాను ఆమె లోపల నిలబడి చూడటం అదే మొదటిసారి.

మండువా లోగిలిని గురించి మనం రాసే వ్యాసాల్లో వెన్నెల, వాన, ముగ్గు, ఉమ్మడి కుటుంబం తప్పకుండా ఉంటాయి. నేనూ అలా ఒకటి రాశాను. ఎవరు అరుగు దాకా రావచ్చు, ఎవరు గడప దాటవచ్చు, ఎవరు పెరటి దారినే రావాలి అన్న లెక్క కూడా ఆ ఇంటి పటంలోనే ఉంది. నెలసరి రోజుల్లో స్త్రీలు ఎక్కడ ఉండాలో కూడా ఆ పటమే చెప్పేది. వాకిలి, అరుగు, చావడి, నట్టిల్లు, పెరడు అనే వరుస గాలి వెలుతురుల క్రమం మాత్రమే కాదు, ప్రవేశాధికారాల క్రమం కూడా. ఇంటీరియర్ డిజైన్ భాషలో నడక దారి అనేది దీనినే.

ఆమె చివరి పటంలో గ్రంథాలయానికి రెండు ద్వారాలు ఉన్నాయి. వీధి వైపుది ఒకటి, పెరటి వైపుది ఒకటి. రెండూ ఒకే వెడల్పు, ఒకే ఎత్తు, రెండింటికీ వాలుదారి. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే బల్ల రెంటికీ సమాన దూరంలో, నట్టింట్లో ఉంది. వీధి గడపను ఏం చేయాలన్నది కొంత ఘర్షణకు దారితీసింది. చక్రాల కుర్చీ రావాలంటే ఎత్తైన గడప ఉండకూడదు. గడప తీస్తే అరిష్టమని ఊరివారన్నారు. గడప మానును తొలగించకుండా నేలమట్టానికి దింపేలా ఆమె గీశారు. మూల్యాంకనంలో ఒక నిపుణుడు, పెరటి ద్వారాన్ని అంత పెద్దది చేస్తే ఇంటి సౌష్ఠవం చెడుతుందని మార్కులు తగ్గించారు. ఆ సౌష్ఠవం ఎవరి కోసమని ఆమె అడిగారో లేదో నాకు చెప్పలేదు.

ఒక విషయంలో మాత్రం మాకు ఏకాభిప్రాయం కుదరలేదు. పెరటి ద్వారం దగ్గర ఆ దారి చరిత్రను చెప్పే ఫలకం ఒకటి ఉండాలని నా వాదన. చదువుకోవడానికి వచ్చే పిల్లకు తన నాయనమ్మ ఎక్కడ ఆగిందో గుమ్మంలోనే చెప్పడం తనకు ఇష్టం లేదని ఆమె సమాధానం. పటంలో ఆ చోట "పెరటి వాకిలి" అని మాత్రం రాసి ఉంది. కోస్తా పేర్ల జాబితా దాదాపు పూర్తయింది. కడప, అనంతపురం ప్రాంతాల మిద్దె పదాలను అక్కడి మేస్త్రీల నోట విని సరిచూడవలసిన పని ఇంకా మిగిలి ఉంది.