ప్రెస్ట్విక్ విమానాశ్రయము: నాయకత్వము, భవిష్యత్తు

ఊరికి రైలుస్టేషను వచ్చినచో ఊరు పెరుగునని మన పెద్దలు చెప్పుదురు. విమానాశ్రయము విషయమునను జనులు అట్లే తలంచుచుందురు. కాని కట్టుట యొక పని, నిలుపుట వేరొక పని. కట్టిన విమానాశ్రయము కొన్నియేండ్లు వెలిగి, పిదప కళదప్పి, ప్రజాధనమునకు భారమగుటయు గలదు. ఇట్టి స్థితి ఎందుచేత గలుగును? దానిని నడపువారు చేయదగిన దేమి? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు స్కాట్లండు దేశములోని ప్రెస్ట్విక్ విమానాశ్రయముకంటె తగిన యుదాహరణము మాకు కానరాలేదు. కావున దాని వృత్తాంతమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

పుట్టుక

ప్రెస్ట్విక్ స్కాట్లండు పడమటి తీరమున, గ్లాస్గో నగరమునకు నైరుతిగా సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్న చిన్న పట్టణము. అచ్చటి విమానాశ్రయమునకు మూలపురుషులు ఇద్దరు: డేవిడ్ మెకింటైర్, క్లైడ్స్‌డేల్ ప్రభువు. వీరి కీర్తి మన దేశముతోడను ముడిపడియున్నది. 1933 ఏప్రిల్ 3వ తేదీన బీహారులోని పూర్ణియా నుండి రెండు విమానములు లేచి ఎవరెస్టు శిఖరముమీదుగా ఎగిరెను. మానవుడు ఆ శిఖరముపై విమానమున ఎగురుట అదియే ప్రథమము. ఆ రెండు విమానములను నడపినవారు వీరిద్దరే. పిమ్మట 1935లో వారు స్కాటిష్ ఏవియేషన్ అను సంస్థను స్థాపించి, ప్రెస్ట్విక్‌లో విమానములు నడపుట నేర్పు పాఠశాలను నెలకొల్పిరి.

ఆ స్థలమునకు సహజమైన గుణము లుండెను. నేల చదునైనది. చుట్టుపట్ల సీమలకంటె అచ్చట పొగమంచు తక్కువ. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా, కెనడా దేశములనుండి అట్లాంటిక్ సముద్రము దాటి వచ్చు యుద్ధవిమానములకు ప్రెస్ట్విక్ ముఖ్యమైన దిగుడుస్థలమైనది. స్థలముయొక్క గుణమును గుర్తెరిగి దానికి తగిన పనిని కల్పించుటయే ఆ మొదటి నాయకుల గొప్పతనము.

చట్టముయొక్క నీడ

యుద్ధానంతరము స్కాట్లండునకు అట్లాంటిక్ దాటి వచ్చు ప్రయాణీకుల విమానములు ప్రెస్ట్విక్‌లోనే దిగవలెనని ప్రభుత్వము నియమించెను. ఈ నియమము 1990 వరకు నిలిచెను. గ్లాస్గో నగరవాసులకు తమ చేరువనే వేరొక విమానాశ్రయ మున్నను, అమెరికా పోవలెనన్నచో ఇంతదూరము రాక తప్పకుండెను.

1990లో నియమము తొలగెను. వెంటనే విమానసంస్థలు ఒకదానివెంట నొకటి గ్లాస్గోకు తరలిపోయెను. దీనిలో ఆశ్చర్యము లేదు. నిర్బంధముచేత వచ్చినవాడు నిర్బంధము పోయిననాడు నిలువడు. చట్టముయొక్క నీడలో పెరిగిన కాలమున ప్రెస్ట్విక్ తనకంటూ స్వంత వర్తకమును తగినంత సంపాదించుకొనలేదు. అదియే దాని కష్టములకు మొదలని మా యభిప్రాయము.

వ్యయము తగ్గని వ్యాపారము

ఇచ్చట విమానాశ్రయముయొక్క ఆదాయవ్యయములను గూర్చి కొంత తెలిసికొనవలెను. దిగిన ప్రతి విమానమునకు సుంకము, ప్రయాణీకుల తలకింతయని రుసుము, అంగళ్ల అద్దె, వాహనములు నిలుపు స్థలముపై రాబడి, సరకులపై కూలి, ఇంధనపు అమ్మకముపై లాభము, ఇవి దాని ఆదాయములు. వ్యయములన్ననో పరుగుబాటను బాగుచేయుట, దీపములు, అగ్నిమాపకదళము, ఆకాశమార్గమును నడపు ఉద్యోగులు, సోదాసిబ్బంది. దినమునకు పది విమానములు దిగినను, నలుబది దిగినను ఈ వ్యయములు పెద్దగా మారవు. విమానము దిగునప్పుడు అగ్నిమాపక శకటము సిద్ధముగా నుండవలెను గదా! కావున ప్రయాణీకులు సగమైనచో ఆదాయము సగమగును గాని ఖర్చు సగము కాదు.

ఇంకొక చిక్కు గలదు. కొనువారు లేనిచో సంతకు వర్తకులు రారు. వర్తకులు రానిచో కొనువారు రారు. విమానాశ్రయమునకును ఇదే ధర్మము. విమానములు తక్కువైనచో జనులు వేరొక చోటికి పోదురు. జనులు పోయినచో ఉన్న విమానములును మానుకొనును.

ఎదుగుదల, పతనము

1994లో గ్లాస్గో రైలుమార్గముపై విమానాశ్రయమునకు స్వంత స్టేషను తెరవబడెను. ఆ కాలముననే చౌకధరల విమానసంస్థయైన రయనెయిర్ అచ్చటికి వచ్చెను. 2001లో న్యూజీలండు దేశపు ఇన్‌ఫ్రాటిల్ అను సంస్థ విమానాశ్రయమును కొనెను. 2007లో ప్రయాణీకుల సంఖ్య 24 లక్షలకు చేరెను. కాని ఈ యెదుగుదల యంతయు ఒక్క సంస్థపై ఆధారపడినది. ఒక్క గుంజపై నిలిపిన పందిరివలె నుండెను. 2008 నాటి ఆర్థికమాంద్యముతో క్షీణత మొదలై, 2013 నాటికి సంఖ్య సగమునకు పడిపోయెను. మరుసటి యేట రయనెయిర్ గ్లాస్గోనుండియు విమానములు నడపసాగెను.

నష్టములు భరింపలేక యజమానులు అమ్మజూపగా కొనువారు రాలేదు. మూసివేసినచో ఆ సీమలో వేలకొలది కుటుంబముల జీవనము చెడునని స్కాట్లండు ప్రభుత్వము 2013 నవంబరులో దానిని కొనెను. వెల యెంత? ఒక్క పౌండు! ఏనుగు ఒక్క రూపాయికి వచ్చినను, మేత రూపాయికి రాదు. తరువాతి యేండ్లలో ప్రభుత్వము 4 కోట్ల పౌండ్లకు పైగా అప్పుగా ఇయ్యవలసివచ్చెను. ప్రజల పన్నుల ధనమును నష్టపు వ్యాపారమున పోయుట న్యాయమా అని అనేకులు ప్రశ్నించిరి. 2015లో స్కాట్లండు లెక్కల తనిఖీశాఖ తన నివేదికయందు, స్పష్టమైన ప్రణాళికయు, ప్రభుత్వము తుదకు తొలగు మార్గమును నిర్ణయించుకొనవలెనని సూచించెను.

నాయకత్వమన నేమి?

ఇట్టి సంస్థకు నాయకత్వము మూడంతస్తులుగా నుండును. యజమాని యగు ప్రభుత్వము ఎంత ధనము, ఎంతకాలము ఇయ్యవలెనో నిర్ణయింపవలెను. పాలకవర్గము మార్గమును ఏర్పరచి లెక్క అడుగవలెను. ముఖ్య కార్యనిర్వాహకుడు దినదినము పని జరుపవలెను. వీరిలో ఒకరి పని ఒకరు చేయబూనినను, ఎవరును చేయకున్నను సంస్థ చెడును.

ప్రెస్ట్విక్‌కు స్వప్నములకు కొదువలేదు. 2014లో బ్రిటిషు ప్రభుత్వము రోదసీనౌకలను పంపుటకు తగిన 8 స్థలముల పట్టికలో దాని పేరును చేర్చెను. కాని 2023 జనవరిలో బ్రిటను గడ్డనుండి జరిగిన తొలి కక్ష్యాప్రయోగ యత్నము కార్న్‌వాల్‌నుండి జరిగెను, అదియును విఫలమాయెను. ప్రెస్ట్విక్‌కు అన్నము పెట్టినవి స్వప్నములు గావు, పాత గుణములే. దాదాపు 3 కిలోమీటర్ల పరుగుబాటపై మిక్కిలి బరువైన సరకుల విమానములు దిగగలవు. సముద్రము దాటు సైనికవిమానములు ఇంధనమునకై ఆగును. విమానములను మరమ్మతుచేయు శాలలును, విమానభాగములు చేయు కర్మాగారములును పరిసరముల నున్నవి. అట్లాంటిక్ తూర్పుభాగమున ఎగురు విమానములకు దారిచూపు కార్యాలయమును ఆ పట్టణముననే యున్నది. ప్రయాణీకులు తగ్గినను ఈ పనులను పెంచుకొనుటచేత 2020 తరువాతి లెక్కలలో లాభము కనబడెను.

భవిష్యత్తు

2019లో ప్రభుత్వము దానిని అమ్మకమునకు పెట్టినను, 2021 చివరకు ఆ యత్నము ఫలింపలేదు. లాభము కనబడుచున్నను భయము తొలగలేదు. సైనికవిమానములు రాజకీయములనుబట్టి వచ్చును, పోవును. సరకుల వర్తకము దేశముల సుంకములనుబట్టి మారును. మరల ఒకే గుంజపై పందిరి వేయకుండుటయే ఇకముందు నాయకులకు పరీక్ష.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. 2017 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వపు ఉడాన్ పథకమున కడపకు విమానము నడచెను. 2021 మార్చిలో కర్నూలు సమీపమున ఓర్వకల్లు విమానాశ్రయము తెరవబడెను. ఈ పథకమున విమానసంస్థల నష్టమును పూరించుటకు ఒక్కొక్క మార్గమునకు 3 సంవత్సరములవరకే సహాయము లభించును. నడక నేర్చు బిడ్డకు చేయూత యవసరమే. కాని చేయి విడుచు దినమునకు కాళ్లు బలపడవలెను. మన సీమ విమానాశ్రయములకు తమకే చెల్లు పని యేది? పండ్లా, సరకులా, విద్యాశాలలా, మరమ్మతుశాలలా? చేయూత యుండగనే ఈ ప్రశ్న నడిగి జవాబు వెదకినవాడే నిజమైన నాయకుడు. ఇప్పుడు బల్లలమీద కూర్చుండి చదువుచున్న మన విద్యార్థులలో కొందరైనను రేపు ఆ పదవులయందు కూర్చుండగలరని మేము నమ్ముచున్నాము. అప్పుడు వారు ప్రెస్ట్విక్ వృత్తాంతమును జ్ఞప్తియందుంచుకొందురు గాక.