ఎనిమిది పూసల కథ – ఒక కోడలి చేవ్రాలు

జపానుదేశమున ప్రభువంశములు ఒండొంటితో పోరాడుచుండిన 15వ శతాబ్దమును రంగముగా గైకొని, బాకిన్ అను రచయిత యొక అద్భుతకథను రచించెను. దాని పేరు ‘హక్కెన్‌దెన్’. అనగా ఎనమండుగురు శునకవీరుల చరిత్రము. 1814లో మొదటిభాగము వెలువడెను. 1842లో ముగియునాటికి అది 106 పుస్తకములయ్యెను.

కథ యిట్లు నడచును. కోట ముట్టడిలో చిక్కి, తిండిగింజలు కరవై, సతోమిప్రభువు నిరాశతో తన కుక్కను జూచి, శత్రుసేనాని తల తెచ్చినచో కూతునిచ్చెదనని పరిహాసమాడెను. కుక్క నిజముగనే తల తెచ్చెను. తండ్రి మాట దాటవేయజూచెను గాని, కూతురు ఫుసె యందుల కొప్పుకొనలేదు. ప్రభువు నోటిమాట బొంకు కారాదని ఆమె కుక్కవెంట కొండగుహ కేగి, సద్ధర్మపుండరీకసూత్రమును పారాయణము చేయుచు కాలము గడపెను. ఆ కుక్క సంకల్పబలముచేతనే, దేహస్పర్శ లేకయే, ఆమె గర్భము దాల్చెను. తన నిష్కళంకతను నిరూపించుటకై ఆమె కడుపు చీల్చుకొనగా, జపమాలలోని ఎనిమిది పూసలు ఆకాశమున కెగసి నలుదెసలకు చెదరిపోయెను. దయ, ధర్మము, మర్యాద, జ్ఞానము, స్వామిభక్తి, సత్యము, పితృభక్తి, సోదరప్రేమ – ఒక్కొక్క పూసపై నొక్కొక్క గుణము పేరు. ఆ పూసలను గలిగి వేర్వేరు గృహముల జన్మించిన వీరులు తుదకు కలిసికొని సతోమివంశమును నిలిపిరి.

ఈ గ్రంథము ముగియకముందే బాకిన్ కన్నులు క్రమముగా చీకటులయ్యెను. 1835లో కుమారుడు మరణించెను. ఇంటి జీవనమునకు ఆ వృద్ధుని రచనలే యాధారము. చదువరులా, కథాంతమునకై యెదురు చూచుచుండిరి. 1840 ప్రాంతమున ఆయన కక్షరమే కానరాకుండెను. అప్పుడు కుంచె పట్టినది కుమారుని భార్య, మిచి.

అది సులభకార్యము కాదు. జపానువారి వ్రాతలో ధ్వనులను దెలుపు అక్షరములతోపాటు, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క గుర్తుగా నుండు చీనాలిపి వేలకొలది కలదు. ఆనాటి గృహిణులలో ఆ లిపి నెరిగినవారు అరుదు. బాకిన్ రచనయో దానితో నిండియుండెను. మామగారు ఒక్కొక్క గుర్తు రూపమును నోట చెప్పుచుండ, కోడలు నేర్చుకొనుచునే వ్రాసెను. చెప్పలేక తానును, తెలియక ఆమెయు పడిన బాధను, ఆమె కన్నీరు పెట్టుకొనుటను, గ్రంథాంతమున బాకినే వ్రాసియున్నాడు. అయినను ఆమె విడువలేదు. 1841లో రచన పూర్తియయ్యెను.

1848లో బాకిన్ గతించెను. అటుపిమ్మట మిచి తన దినచర్యను తానే వ్రాసికొనెను. ఆ దినచర్య నేటికిని నిలిచియున్నది. వీరుల ఎనిమిది గుణములను మెచ్చుకొనువారు, ఆ తుదిపుటలను వ్రాసిన చేతినిగూడ స్మరింతురు గాక!