బోరు క్రింద ఎన్ని ఎకరములు? - విద్యుచ్ఛక్తి లెక్క

బోరు క్రింద ఎన్ని ఎకరములు సాగగునని అడిగినచో రైతులు నీటి ఊటనుబట్టి సమాధానము చెప్పుదురు. మోట తోలిన రోజులలో ఎద్దుల సత్తువ కూడ లెక్కకు వచ్చెడిది. మోటారు అలసినట్లు కనపడదు గాని, దాని శక్తికిని హద్దు కలదు.

ఏ నష్టమును లేనిచో ఒక యూనిట్ విద్యుత్తు 367 ఘనపు మీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తునకు తోడగలదు. ఎకరము నేలపై అంగుళము మందమున నీరు పారించుటకు సుమారు 103 ఘనపు మీటర్లు కావలెను. పంపు, మోటారు, గొట్టములలో నష్టము పోను నూటికి 40 వంతులు పనికి వచ్చునని అనుకొందము. అప్పుడు అంగుళము నీటికి 10 మీటర్ల లోతునుండి 7 యూనిట్లు, 100 మీటర్ల లోతునుండి 70 యూనిట్లు ఖర్చగును.

5 అశ్వశక్తుల మోటారు గంటకు సుమారు నాలుగున్నర యూనిట్లు తీసికొనును. దినమునకు 7 గంటలు నడిచినచో 31 యూనిట్లు. 100 మీటర్ల లోతునుండి దీనితో ఎకరమునకు 11 మిల్లీమీటర్ల నీరే వచ్చును. రబీ వరికి దినమునకు 8 నుండి 10 మిల్లీమీటర్లు కావలెను గనుక ఎకరము దాటుట కష్టము. 4, 5 మిల్లీమీటర్లతో సరిపెట్టుకొను వేరుశనగ అయినచో రెండెకరములు పండును.

ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. బిల్లు పోయినది గాని ఖర్చు పోలేదు. దానిని ప్రభుత్వము పంపిణీ సంస్థలకు సబ్సిడీగా చెల్లించవలసియున్నది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి 24 గంటల సరఫరా మొదలైనది. గంటలు పెరిగినను, రాతినేలలలో వాన నీరు ఇంకినంత మేరకే బోరుకు నీరు. ఎక్కువ తోడినకొలది మట్టము దిగును. మట్టము దిగినకొలది ప్రతి తడికి యూనిట్లు పెరుగును.

సరఫరా రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రిందివారందరు ఒక్కసారిగా మోటార్లు వేసినచో వోల్టేజి పడిపోవును. మోటారు మోయు బరువు తగ్గదు కనుక అది ఎక్కువ కరెంటు లాగును. కరెంటు ఒకటిన్నర రెట్లయినచో చుట్టలో వేడి రెండుంబావు రెట్లగును. చుట్ట కాలును. రీవైండింగు ఖర్చు ఒక ఎత్తు. అది తిరిగి వచ్చులోపల ఊడలు దిగుచున్న వేరుశనగ ఎండుట మరియొక ఎత్తు. ఆటోస్టార్టరు సౌకర్యమే గాని, అందరి మోటార్లను ఒకే క్షణమున లేపునది అదియే. దానిని తీసివేసి, వంతులవారీగా మోటార్లు వేసికొనుట మేలని నా అభిప్రాయము. ప్రతి మోటారుకు తగిన కెపాసిటరు పెట్టించినచో లైనుపై కరెంటు తగ్గి వోల్టేజి కొంత నిలుచును.

విత్తుటకు ముందు 200 లీటర్ల పీపా ఎన్ని సెకండ్లలో నిండునో చూడుడు. 100 సెకండ్లు పట్టినచో 7 గంటలలో అర ఎకరమునకు అంగుళము నీరు లభించును. సంక్రాంతినాటి కొలత మార్చివరకు నిలువదు. నేనైతే అందులో నాలుగవ వంతు తీసివేసి, మిగిలిన నీటికే విత్తనము కొందును.