ఆటగాని ఆయుర్దాయము

2023వ సంవత్సరములో మూడు నెలల వ్యవధిలో ఇద్దరు క్రీడాకారులు కన్నుమూసినారు. ఫిబ్రవరి 16న కోల్‌కతాలో తులసీదాస్ బలరామ్. మే 18న అమెరికాలో జిమ్ బ్రౌన్. ఇద్దరూ 1936లో జన్మించినవారు. 1957లో ఒకరు కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టులోను, మరియొకరు అమెరికాలోని క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టులోను ప్రవేశించినారు. ఇద్దరి ఆటకూ ఫుట్‌బాల్ అనియే పేరు. కాని ఆ రెండు ఆటలూ ఒకటి కావు. ఈ ఇద్దరి చరిత్రలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఆటగాని ఆయుర్దాయమును గూర్చి కొంత తేటపడును. దానినే నేడు శ్రోతలకు మనవి చేయదలచినాము.

ఫుట్‌బాల్ అనగానే కాలితో తన్నే బంతియాట మనకు తలపునకు వస్తుంది. అమెరికావారు ఆ పేరుతో పిలుచుకొనే ఆటలో బంతి గుండ్రముగా ఉండదు. రెండు కొనలు తేలి, కోలగా ఉంటుంది. దానిని చేత పట్టుకొని పరుగెత్తవచ్చును. పక్షమునకు పదకొండుగురు, మైదానము నూరు గజములు. బంతి చేతనున్న జట్టు నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందుకు పోవలెను. పోలేకపోయినచో బంతి ఎదుటివారి పరమగును. ఆ బంతిని చంకలో ఇరికించుకొని ఎదుటివారి గుంపులోనికి చొచ్చుకొనిపోయే ఆటగానిని రన్నింగ్ బ్యాక్ అంటారు.

నేరేడుచర్లలో గాని, హుజూర్‌నగర్‌లో గాని కబడ్డీ పందెము చూచినవారికి ఇది సులభముగా బోధపడుతుంది. రన్నింగ్ బ్యాక్ మన కూతగాని వంటివాడు. కూతగాడు ఒంటరిగా గీత దాటిపోతాడు. ఎదుటి ఏడుగురూ వానిని పట్టి పడవేయ చూస్తారు. భేదమేమనగా, కూతగాడు ఊపిరి విడువక తిరిగి రావలెను. రన్నింగ్ బ్యాక్ వెనుకకు రానక్కరలేదు, పడినచోటనే వాని లెక్క. మరియొకటి, తోటి ఆటగాండ్రు ముందు నిలిచి ఎదుటివారిని నెట్టి వానికి సందు చేసి ఇస్తారు. ఆ సందు రెప్పపాటు కాలమే తెరచియుండును.

జిమ్ బ్రౌన్ ఈ పనిని తొమ్మిదేండ్లు చేసినాడు. 1957 నుండి 1965 వరకు 118 పందెములు ఆడినాడు, ఒక్కటియు తప్పలేదు. బంతితో 2,359 మార్లు పరుగెత్తి 12,312 గజములు సంపాదించినాడు. ఈ లెక్కను మైళ్ళలోనికి మార్చినచో ఇంచుమించు ఏడు మైళ్ళు. నేరేడుచర్ల నుండి బయలుదేరినవాడు ఏడు మైళ్ళలో హుజూర్‌నగర్ కూడ చేరలేడు! అయినను ఆ ఏడు మైళ్ళలో ప్రతి గజమునకు ఎవరో ఒకరు అడ్డము నిలిచినవారే. ఆ తొమ్మిదేండ్లలో ఎనిమిదేండ్లు పరుగులలో ఆయనదే ప్రథమ స్థానము. ఆయన మొత్తమును మించుటకు మరియొకరికి 1984 వరకు సాధ్యము కాలేదు.

ఈ స్థానములో ఆడేవారి కాలము సాధారణముగా స్వల్పము. ప్రతి పరుగు చివర బరువైన దేహములు వచ్చి తాకుతాయి. మోకాలు మెలిబడుతుంది, తల అదురుతుంది. ఒక దెబ్బ మానకముందే మరియొకటి. బ్రౌన్ ఈ సంగతి ఎరిగినవాడు కాబోలు, 1966లో, ముప్పదియవ యేట, ఇంకను అందరికంటె మిన్నగా ఉన్నప్పుడే ఆటకు స్వస్తి చెప్పి చలనచిత్ర నటుడైనాడు. నల్లజాతివారి ఆర్థికాభివృద్ధికై సంస్థను నెలకొల్పినాడు. స్త్రీలపై దౌర్జన్యము చేసినాడన్న అభియోగములు ఆయన పేరును పలుమార్లు మచ్చపరచినవని కూడ చెప్పవలెను. ఏమైనను, ఆటను ఎప్పుడు విడువవలెనో నిర్ణయించుకొనే భాగ్యము ఆయనకు దక్కినది.

బలరామ్‌కు ఆ భాగ్యము లేకపోయినది.

సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబమున ఆయన పుట్టినారు. హైదరాబాదు పోలీసు జట్టును, భారత జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి కంట ఆయన ఆట పడినది. శిక్షణకు నగరమునకు వచ్చిపోవుటకు డబ్బు లేదని చెప్పగా, సైకిలు అద్దెకై రహీమ్ గారు దినమునకు ఒక రూపాయి ఇచ్చేవారని బలరామ్ అనంతర కాలమున స్మరించుకొన్నారు. 1956లో ఇరువది యేండ్ల ప్రాయమున మెల్బోర్న్ ఒలింపిక్సుకు వెళ్ళిన భారత జట్టులో ఆయన ఒకరు. ఆ జట్టు నాల్గవ స్థానమును పొందినది.

ఎడమ ప్రక్క నుండి దాడి నడుపుట ఆయన ప్రత్యేకత. 1960లో రోమ్ ఒలింపిక్సున కాంస్య పతకము గెలిచిన హంగరీ చేతిలో మనవారు 1–2 తేడాతో ఓడినారు. మన గోలు బలరామ్‌ది. పెరూపై 1–3తో ఓడినప్పుడును మన గోలు ఆయనదే. 1961లో ఈస్ట్ బెంగాల్ నాయకుడై, కలకత్తా లీగులో 23 గోలులు చేసి జట్టును విజేతగా నిలిపినారు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో జపానుపై 2–0 విజయమున ఒక గోలు ఆయనది. అంతిమ పోటీలో మనవారు దక్షిణ కొరియాను 2–1తో జయించి స్వర్ణము తెచ్చినారు. అర్జున పురస్కారము ఆ యేటిదే. మరుసటి యేడు, 1963లో, ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చినది. వైద్యులు ఆట మానుమన్నారు. అప్పటికి ఆయన వయస్సు ఇంచుమించు ఇరువదియేడు. రహీమ్ గారును ఆ యేడే జూన్ 11న క్యాన్సరుతో మరణించినారు.

శ్రోతలు ఒక్క లెక్కను గమనింప ప్రార్థన. బలరామ్ దేశమునకు ఆడినది ఏడేండ్లు. ఆట విడిచిన పిదప జీవించినది అరువదేండ్లు. ఆయనతో కలిసి ఆడిన పి.కె. బెనర్జీకిని, చుని గోస్వామికిని పద్మశ్రీ లభించినది, ఆయనకు లభించలేదు. ఆ కొరత ఆయన మనస్సున చివరిదాకా మెదలినది. కీర్తి, చప్పట్లు ఏడేండ్లకు. ఇల్లు, మందులు, మంచి మాట అరువదేండ్లకు కావలెను. ఆటగానికి జనము ఇచ్చేది మొదటిది. అతడు అడుగక ఎదురుచూచేది రెండవది.

మన గ్రామములలో పాఠశాల మైదానమున మెరుపువలె కూతకు పోయే పిల్లలు లేకపోలేదు. వారిని పరుగెత్తవద్దని చెప్పుట మా ఉద్దేశము కాదు. రహీమ్ గారి రూపాయి వంటి సాయము అందినచో వారును దూరము పోగలరు. అయితే ఆ రూపాయితో పాటు చదువు గాని, చేతిపని గాని నేర్పించుట తల్లిదండ్రుల కర్తవ్యము. మైదానములో పరుగు ముగిసిన తరువాత కూడ వాని ముందు ఒక దారి తెరచియుండవలెను గదా!