నొప్పి తెలియనీయని మందు

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతమున నిద్రపుచ్చు మందునూ, ఒక్క భాగమునే మొద్దుబార్చు మందునూ ‘మత్తుసూది’ అనియే పిలుతుము. మేము వ్రాయునది రెండవదానిని గూర్చి. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కంటికి కొకెయిన్ వాడి దీనికి దారి చూపెను. తిరుపతి బర్డ్ ఆసుపత్రికి మోకాటి శస్త్రచికిత్సకై పోవు మన పెద్దలు ఈ సంగతి ఎరుగవలెను.

బుపివకైన్ వంటి మందు నరములలో నొప్పి వార్తను గంటలకొలది నిలిపివేయును. మోతాదు మించి రక్తమున చేరినచో మెదడును, గుండెను కూడ అట్లే అడ్డగించును. కనుకనే బరువునుబట్టి, కిలోకు సుమారు 2 మిల్లీగ్రాములు మించకుండ లెక్కింతురు; 50 కిలోల మనిషికి 100.

పెదవుల తిమ్మిరి, చెవులలో హోరు, నోట లోహపు రుచి తొలి గుర్తులు. మన అవ్వలకు మొహమాటము మెండు. ఊరకుండక వెంటనే నర్సమ్మకు చెప్పవలెను. దీనికి సిరలోనికెక్కించు కొవ్వుద్రవము విరుగుడుగా కలదు. మొద్దుబారిన కాలిపై ఒంటరిగా లేవరాదు, వేడినీటి సంచి పెట్టరాదు.