శ్రీలంక పరిశోధన: ఉల్లేఖనాల సగటు చెప్పని సంగతి

చిన్న దేశపు పరిశోధన ప్రభావాన్ని పత్రానికి వచ్చిన ఉల్లేఖనాల సగటుతో కొలవడం పరిపాటి. ఆ సగటు ఎలా ఏర్పడిందో అరుదుగా చూస్తారు. వందలాది రచయితలతో వెలువడే ప్రపంచ వ్యాధిభార అధ్యయనాల్లో శ్రీలంక శాస్త్రవేత్తలూ పాలుపంచుకుంటారు. ఇటువంటి పత్రాల ప్రభావం ఒక ఊహాత్మక లెక్కతో తెలుస్తుంది. ఒక దేశపు 100 పత్రాలకు తలా 3 ఉల్లేఖనాలు వస్తే సగటు 3. వాటికి 2,000 ఉల్లేఖనాలు పొందిన ఒక్క అంతర్జాతీయ పత్రం చేరితే సగటు దాదాపు 23 అవుతుంది. మధ్యగతం మాత్రం 3 వద్దే నిలుస్తుంది. ఆ పత్రపు 500 మంది రచయితల్లో ఆ దేశానికి చెందినవారు ఒక్కరే అయితే, భాగస్వామ్య గణనలో దక్కేవి 4 ఉల్లేఖనాలే. పూర్తి గణనలో మొత్తం 2,000 ఆ దేశం ఖాతాలో పడతాయి.

వ్యవసాయంలో చిక్కు ఇందుకు విరుద్ధం. బతలగొడ వరి పరిశోధన కేంద్రం నుంచి 1958లో విడుదలైన హెచ్-4 రకం 1960లలో శ్రీలంకలో విస్తారంగా సాగైంది. అనంతరం వచ్చిన బీజీ 90-2 పశ్చిమ ఆఫ్రికా పొలాలకూ చేరింది. రైతు విత్తనాన్ని వాడుకుంటాడే గాని పత్రాన్ని ఉల్లేఖించడు. ఎరువుల మోతాదుపై స్థానిక ఫలితాలు విస్తరణ సిబ్బంది కరదీపికల్లో చేరినా, ఆ ప్రస్తావనలు ఉల్లేఖన సూచికల లెక్కలోకి రావు. పదోన్నతి ఉల్లేఖనాలపైనే ఆధారపడితే, యువ శాస్త్రవేత్తకు జాఫ్నా ఉల్లి పొలం కంటే విదేశీ పరిశోధన బృందంలో చోటే లాభసాటిగా తోచడం సహజం.